బండిలో తుపాకి వద్దన్నాను

మబేలా,
శుక్రవారం.

నా కవితకు,

ఓంకార్ దీవించి, ప్రేమతో రాసుకునేది. ఇక్కడ నేనూ, మా రూములోని వాళ్ళూ కులాసాగా ఉన్నాం. నువ్వూ, రిషితా ఆరోగ్యంగా ఉన్నారని నీ అక్షరాల్లో చూసుకుని ఊపిరి పీల్చుకున్నాను.

మా రూములో ఉండే జహీరుద్దీన్ సెలవు అయిపోయి నిన్న కోరుట్ల నుంచి దిగాడు. సంచి విప్పి తొక్కు డబ్బా, కారప్పూస నా మంచం మీద పెట్టి, అందరూ తినే హడావిడిలో ఉండగా నీ కవరు జేబులో కుక్కాడు. "భాభీ ఇచ్చింది. ఒక్కనివే ఉన్నప్పుడు చదువుమన్నది," అన్నాడు. రోజూ ఫోనులో ముఖాలు చూసుకుంటూనే ఉన్నాం కదా, ఈ కాగితమెందుకు అనుకున్నాను. చదివాక అర్థమైంది. నీ ఫోను మోగితే ముందు రిషిత పరుగెత్తి వస్తుంది. నా వైపు ఒకదాని మీద ఒకటి మంచాలు, అన్నిటి మీదా మనుషులు. ఆ ఫోనులో నువ్వు అడగాలనుకున్నది అడగలేవు, నేను చెప్పవలసింది చెప్పలేను. అందుకని నేనూ కాగితమే పట్టుకున్నాను. మా కంపెనీలో పనిచేసే సమీయుల్లా సెలవు మీద మెట్‌పల్లి వస్తున్నాడు, కవరు అంటించి అతని చేతికిస్తాను. ఒకరి ఉత్తరం విప్పే మనిషి కాదతను.

బీడీలు మానేసి అంగన్‌వాడీలో ఆయా పనికి పోనా అని అడిగావు. పో. ఇందులో నన్ను అడిగేదేముంది? చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా వంచిన మెడ ఎత్తకుండా కూర్చుంటావు, ఆ మెడ నొప్పి ఇక్కడ నాకు తెలుస్తూనే ఉంటుంది. పిల్లల మధ్య ఉంటే నీకూ పొద్దుపోతుంది. బాపుకు ఈత వచ్చా అని రిషిత అడిగిందని రాశావు. రాదని చెప్పు. సముద్రం పక్కనే ఉన్న మాట నిజమే కానీ, నేను దాన్ని చూసేది బండి అద్దంలోంచే. ఖురియాత్ వైపు లోడు పడ్డప్పుడు కాసేపు కనిపిస్తుంది. పడవలు ఒడ్డుకు లాగి, జాలర్లు వలలు ఆరేసుకుంటూ ఉంటారు. దిగి కాళ్ళు తడుపుకుందామని ఒకసారి అనుకున్నాను. ఒక్కడినే దిగి ఏం చేస్తాను అనిపించి దిగలేదు.

తర్వాత నీ రెండో మాట. "ఏమయ్యా, గా తుపాకి మన్షితోని ఇంకా బండ్ల పోతున్నవా? ఫోటో చూసినకాడ్నించి నాకు నిద్ర వడ్తలేదు" అని రాశావు. ఆ ఫోటో పంపి తప్పు చేశాను. రిషిత సరదా పడుతుందని పంపాను, నువ్వు భయపడతావని తోచలేదు. ఆ తుపాకి ఇప్పుడు బండిలో లేదు. ఎలా పోయిందో మొదటి నుంచి చెబుతాను.

ఫోటోలో ఉన్నాయన పేరు సైఫ్. ఈ దేశం వాడే, ఖురియాత్ పైన కొండల్లో ఊరు. మా కంపెనీ ఘాలాలోని గోదాము నుంచి ఎడారి లోపల ఉన్న క్యాంపులకు బియ్యం, కూరగాయలు, మాంసం చేరవేస్తుంది. దూరపు బాట కనుక బండికి ఇద్దరు డ్రైవర్లం. రెండేళ్ళుగా నేనూ ఆయనా జత. ఇంతో అంతో హిందీ వచ్చు ఆయనకు, ఇంతో అంతో అరబ్బీ వచ్చు నాకు. ఈ రెండూ కలిపి మాట్లాడుకుంటాం. నా పేరు ఆయన నోట పలకదు, 'అంకార్' అంటాడు. నేను స్టీరింగ్ మీద ఉంటే నారింజ ఒలిచి, గింజలు తీసి, ఒక్కో తొన నా చేతిలో పెడతాడు. అట్లాంటి మనిషి.

ఆ తుపాకి వాళ్ళ తండ్రిది. లైసెన్సు ఉంది. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళం దాన్ని ముట్టుకోకూడదు. సీటు వెనక పాత కంబళిలో చుట్టి పెట్టుకునేవాడు. ఇక్కడ దొంగల భయం లేదు కదా, మరి ఇదెందుకు అని ఒకసారి అడిగాను. చిన్నప్పుడు తండ్రితో ఇసుకలో దారి తప్పారట. నీళ్ళు అయిపోయాయి. తండ్రి తుపాకి ఆకాశంలోకి పేల్చుకుంటూ కూర్చుంటే, ఆ చప్పుడు విని ఎక్కడి నుంచో ఒంటెల వాళ్ళు వచ్చి కాపాడారట. "అది లేకపోతే నేనీ బండి నడిపేవాణ్ని కాదు అంకార్, ఆ ఇసుకలోనే ఉండేవాణ్ని," అన్నాడు. ఇంకేమంటాను?

మొన్నటి నెలలో వేరే బాటలో తిరిగే మా కంపెనీ డ్రైవర్ ఒకడికీ, డీజిల్ బంకు దగ్గర ఇంకెవరితోనో లైను విషయంలో మాటా మాటా పెరిగింది. అతను బండిలోంచి తుపాకి తీశాడు. పేల్చలేదు, చూపించాడంతే. ఎవరికీ ఏమీ కాలేదు కానీ సంగతి పెద్ద ఆఫీసుదాకా పోయింది. డ్యూటీలో డ్రైవర్లు తుపాకులు పెట్టుకోవచ్చా, పూర్తిగా బంద్ చెయ్యాలా అని పైవాళ్ళు మా ముదీర్‌ను అడిగారు. ముదీర్ అంటే ఇక్కడ మేనేజర్. మా ముదీర్ కేరళ ఆయన, నెమ్మదస్తుడు. హుకుం గోడకు అంటించి ఊరుకోవచ్చు కదా, అట్లా చెయ్యలేదు. ఘాలా యార్డులో షెడ్డు కింద అందరినీ కూర్చోబెట్టి, "మీ ప్రాణాల సంగతి, మీరే చెప్పండి," అన్నాడు.

ఈ దేశపు డ్రైవర్లు లేచి గట్టిగానే మాట్లాడారు. దొంగలో తోడేళ్ళో వస్తే ఏం చెయ్యాలి, ఒకడి కోపానికి అందరి చేతులూ కట్టేస్తారా అన్నారు. మన కడప ఖాదర్‌వలి కూడా వాళ్ళ వైపే.

"సార్, నాకాడ తుపాకి లేదు, పెట్టుకోను కూడా. కానీ పక్కనోని కాడ ఉంటే నాకూ ధైర్యమే కదా. ఆ ఎడార్లో ఏందైనా అయితే ఎవుడొస్తాడు సార్ కాపాడను?" అన్నాడు.

నేపాలీ డ్రైవర్ ఒకడు వెనక నుంచి, "బండిలో ఇద్దరుంటే తుపాకి ఒకడిది. ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నీ వాడు చెప్పినట్టే. గొడవ పడకపోయినా మాట వాడిదే," అన్నాడు. కొందరు నవ్వారు, కొందరు తలలు వంచుకున్నారు.

అప్పుడు ముదీర్ నా వైపు తిరిగి, "ఓంకార్, నువ్వు రెండేళ్ళ నుంచి సైఫ్‌తో పోతున్నావు. నువ్వు చెప్పు. ఉండొచ్చా, వద్దా?" అని అడిగాడు.

సైఫ్ నా పక్కనే కూర్చున్నాడు. నేనేం చెబుతానో తెలిసినట్టు, నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"వద్దు సార్," అన్నాను. "బండిలో ఉండొద్దు."

"ఎందుకు? సైఫ్ నిన్నెప్పుడైనా బెదిరించాడా?"

"లేదు సార్. ఆయన దేవుడసొంటి మనిషి. కానీ తుపాకి వద్దు."

సైఫ్ నా మోకాలి మీద చెయ్యి తీసేశాడు. ఆ బరువు పోయిన చోట ఇప్పటికీ వెలితిగా ఉంటుంది కవితా. ఆ వారంలోనే బంద్ అని ఆర్డర్ వచ్చింది.

మీటింగ్ అయ్యాక సైఫ్ యార్డులో నన్ను ఆపి, "నీకూ నాకూ మధ్య రొట్టె ఉంది, ఉప్పు ఉంది. నలుగురిలో నా తండ్రి వస్తువును అవమానించావు," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత ట్రిప్పులో మాట లేదు. తన నారింజలు తనే తిన్నాడు. తుపాకి లేని బండిలో, పక్కన మనిషి ఉండి కూడా లేనట్టుగా, ఆ బాటంతా నడిపాను. వేరే డ్రైవర్లు, "సైఫ్ వెనక గోతులు తవ్వినవురా," అన్నారు. ఖాదర్‌వలి అయితే, "ఏమప్పా, నీకు ప్రమోషన్ ఇస్తారంటనా?" అన్నాడు. రూములో జహీరుద్దీన్ కూడా సెలవులో ఉన్నాడు. ఎవరితో చెప్పుకోను?

ఇక నీ మూడో మాట. అది నువ్వు కాగితం చివర, చిన్న అక్షరాలతో రాశావు. "అత్త పొయినకాడ్నించి నువ్వు మాట తక్కువ జేసినవు. ఆ, ఊ అంటవు. నా మీద కోపమా?" అని. అది చదివి బాత్రూములోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. కోపం కాదు కవితా. నీ మీద నాకు ఏ కోపమూ లేదు. అసలు సంగతి చెబుతాను. నువ్వు కూర్చుని చదువు.

అమ్మ పోయినప్పుడు, ఇక్కడ ఉండనిచ్చే కార్డు మార్పిడి కోసం నా పాస్‌పోర్టు ఆఫీసులో చిక్కుకుని ఉంది. రాలేకపోయాను. అంతా నాకు కనిపించేలా నువ్వు ఫోను ఎత్తి పట్టుకున్నావు. కొడుకుగా నేను చెయ్యవలసిన పని నా బిడ్డ చేసింది. రిషిత నిప్పు కుండ పట్టుకుని ముందు నడుస్తోంది, చిన్న పాదాలు, చెప్పులు లేవు. వాగు దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పోయింది. మళ్ళీ కలిసేసరికి తెర నిండా మంటే. నేను అప్పుడు గోదాములో ఉల్లిగడ్డ బస్తాల మధ్య నిలబడి ఉన్నాను. తోటి వాళ్ళు భుజం తట్టారు, నీళ్ళిచ్చారు, తర్వాత లోడు ఎత్తారు. నేనూ ఎత్తాను. ఆ రోజు నుంచి లోపల ఏదో ఆగిపోయింది. అన్నం గొంతు దిగేది కాదు. నిద్ర లేదు. నువ్వు ఫోనులో మాట్లాడుతుంటే ఎక్కడో దూరపు ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించేది. అందుకే ఆ, ఊ.

అట్లా ఉండగా ఒక ట్రిప్పులో, ఎడారి మధ్యలో బండి చెడిపోయింది. అక్కడ ఫోను పనిచెయ్యదు. వాటర్ ట్యాంకర్ ఒకటి వస్తే సైఫ్ దాన్ని ఆపి, సామాను తేవడానికి దాంట్లో ఎక్కి పోయాడు. నేను బండికి కాపలా. మిట్టమధ్యాహ్నం. ఎటు చూసినా చదునైన తెల్లటి నేల, చెట్టు లేదు, పిట్ట లేదు. గాలి కూడా ఆగిపోయింది. నేను లేకపోతే ఈ లోకంలో ఏ పనీ ఆగదు కదా అనిపించింది. అమ్మ చచ్చిపోతేనే లోడు ఆగలేదు.

సీటు వెనక కంబళి విప్పి, ఆ తుపాకి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఎందుకు తీశానో నీకు విడమరచి రాయను. నీకు తెలుస్తుంది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావనీ, రిషిత గుర్తొచ్చిందనీ రాయాలని ఉంది. కానీ నీకు అబద్ధం రాయలేను. ఎవరూ గుర్తు రాలేదు. అంత దూరం పోయాను.

ఇంతలో ఎవరో డోరు మీద దబదబ బాదారు. ఒక ట్రైలర్ వచ్చి ఆగింది, నాకు దాని చప్పుడు కూడా వినబడలేదు. పఠాన్ డ్రైవర్ ఒకాయన, పెద్ద మీసాలు. "భాయ్, థోడా పానీ మిలేగా? ఇంజన్ వేడెక్కింది," అన్నాడు. గబగబా కంబళి కప్పేసి, దిగి, క్యాను తీసి నీళ్ళిచ్చాను. సగం నేల మీద పోసేశాను. ఆయన నన్ను తేరిపార చూసి, "అన్నం తిన్నావా?" అని అడిగాడు. తన ట్రైలర్ నీడలో గుడ్డ పరిచి, రొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టాడు. చాలా దినాల తర్వాత ఆ రొట్టె గొంతు దిగింది. ఇంజన్ చల్లబడ్డాక ఆయన తన దారిన తాను పోయాడు. పేరు కూడా అడగలేదు నేను. ఏం చేసి పోయాడో ఆయనకూ తెలియదు.

సైఫ్ వచ్చేదాకా నేను మళ్ళీ క్యాబిన్ ఎక్కలేదు. బండి కింద నీడలో పడుకున్నాను. లోపల అది ఉంది కదా, నాకు నా మీదే నమ్మకం లేదు. ఆ తర్వాత ప్రతి ట్రిప్పులోనూ అది నా వీపు వెనకే. నడుపుతుంటే కళ్ళు రోడ్డు మీద, మనసు ఆ కంబళి మీద.

షెడ్డు కింద అందరూ దొంగల గురించి, తోడేళ్ళ గురించి, కోపాల గురించి మాట్లాడారు. నా బోటివాడి గురించి ఒక్కరూ అనలేదు. అనేదెవరు? నేనే అనాలి, నాకు నోరు రాలేదు. మనిషి మనసు ఎంత చీకట్లోకి పోయినా, కాసేపు ఆగితే కొంచెం అటో ఇటో కదులుతుంది. ఎవరో నీళ్ళు అడుగుతారు, ఆకలేస్తుంది, ఏడుపొస్తుంది. ఆ కాసేపు చేతికి అందేంత దూరంలో తుపాకి ఉండకూడదు. నాకు తెలిసింది ఇంతే. అందుకే వద్దన్నాను.

మాట లేని ఆ ట్రిప్పు నుంచి తిరిగి వస్తూ, దారిలో చాయ్ హోటల్ దగ్గర సైఫ్ బండి ఆపాడు. దిగకుండా, ముందుకు చూస్తూనే, "నిన్ను నేను ఏమన్నా చేశానా? ఎందుకు అట్లా చెప్పావు?" అని అడిగాడు. చెప్పేశాను. సగం హిందీ, సగం అరబ్బీ, మధ్యలో తెలుగు కూడా వచ్చేసింది. అంతా విన్నాడు.

"బండి చెడిన రోజా?"

"అవును."

తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "ఆ రోజు తుపాకి నాతో తీసుకుపోదామనుకున్నాను. నువ్వు ఒక్కడివే ఉంటావు, నీకు కాపలాగా ఉంటుందని వదిలి వెళ్ళాను అంకార్," అన్నాడు.

 తర్వాత దిగి రెండు చాయ్‌లు తెచ్చాడు.

ఘాలా చేరగానే సైఫ్ ముదీర్ గదికి పోయాడు. ఆయన ఏం చెబుతాడోనని నేను గుమ్మం బయట నిలబడ్డాను. నా సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. "తుపాకి నాది. నాకే వద్దు. కారణం అడగొద్దు. కానీ దాన్ని తీసుకున్నారు కదా, బదులు ఏమిస్తారు? ఎడారిలో మా అరుపు ఎవరు వింటారు?" అని అడిగాడు. ఎక్కడున్నా పనిచేసే శాటిలైట్ ఫోను బండికొకటి ఇచ్చేదాకా ఆ బాట ఎక్కేది లేదని గట్టిగా పట్టుబట్టాడు. బండి చెడితే మనిషిని ఒక్కడినే వదిలి పోకూడదని కూడా ఒప్పించాడు. ఫోన్లు వచ్చాయి. ఈ దేశపు డ్రైవర్లలో కొందరు ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఖాదర్‌వలి కూడా, "ఫోను చూస్తే తోడేలు పరిగెత్తదప్పా," అంటాడు. అననీ. తుపాకిని సైఫ్ ఊళ్ళో వాళ్ళ అన్నకు అప్పగించాడు.

జహీరుద్దీన్‌కు నిన్ననే అంతా చెప్పాను. "అరే పాగల్, నాకు ఒక్క ఫోను జెయ్యరాదా?" అని తిట్టి, పట్టుకుని ఏడ్చాడు. ఈ పొద్దున్నే నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. హైదరాబాదు ఆమె, పేరు తహ్సీన్. ఇది రోగమే, సిగ్గుపడే విషయం కాదు, తగ్గుతుంది అంది. మందులు రాసింది. మళ్ళీ అటువంటి ఆలోచన వస్తే ఒక్కడినే కూర్చోకుండా వెంటనే మనిషిని పిలవమంది. "ఇంట్లో ఎవరికి చెప్పావు?" అని అడిగింది. ఎవరికీ చెప్పలేదన్నాను. "భార్యకు చెప్పు," అంది. అందుకే వచ్చీ రాగానే ఈ కాగితం మీద కూర్చున్నాను.

నీకు భయమేస్తుందని తెలుసు. ఏడువు, తిట్టు, కానీ రిషిత ముందు వద్దు. అది పెద్దయ్యాక నేనే చెబుతాను. సెలవు అడిగాను. ముదీర్ ఇస్తానన్నాడు. వచ్చాక నన్ను ముందు వాగు దగ్గరికి తీసుకుపో.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. మొన్నటి ట్రిప్పులో, ఆనాడు బండి చెడిన చోటికి వచ్చేసరికి సైఫ్ నమాజు కోసం ఆపాడు. చాప పరుచుకోబోతూ ఆగి, "మీ అమ్మ పేరేమిటి?" అని అడిగాడు. రెండేళ్ళలో ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. "సత్తవ్వ," అన్నాను. ఆయన నోట రాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. పెదవులు కదుపుతూ నేర్చుకున్నాడు. నమాజు అయ్యాక అక్కడే కూర్చుని రెండు చేతులూ పైకెత్తాడు. అరబ్బీ మాటల మధ్యలో మా అమ్మ పేరు, వంకరటింకరగా, రెండుసార్లు వినిపించింది. నేను బండి దిగి ఆయన పక్కన ఇసుకలో కూర్చున్నాను. మా అమ్మ కోసం అప్పుడు ఏడ్చాను కవితా, గొంతెత్తి, చిన్న పిల్లవాడిలా. ఆయన ఆపమనలేదు. నా ఏడుపు అయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు.

ఇట్లు,
నీ పెనిమిటి, రిషిత బాపు,
ఓంకార్.